సెల్‌ఫోను వెనుక ముగ్గురు వనితలు

సాయంకాలము పొలమునుండి ఇంటికి వచ్చిన రైతు సెల్‌ఫోను తీసి, వరిపైరుకు పట్టిన పురుగును గూర్చి వెదకును. అతని కుమార్తె తీగలేని శ్రవణసాధనమును చెవిలో పెట్టుకొని పాఠము వినుచుండును. ఇల్లాలు కిరాణా కొట్టువానికి 120 రూపాయలను ఫోనుద్వారానే చెల్లించును. వెదకుట, వినుట, చెల్లించుట అను ఈ మూడు పనులును అరచేతిలో ఇమిడిన ఒకే యంత్రముతో జరిగిపోవుచున్నవి. ఈ పనులలో ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క స్త్రీ ఆలోచన దాగియున్నది. వారిలో ఒకరు సినిమా తార. ఒకరు పర్యాయపదములపై పరిశోధనతో జీవితము ప్రారంభించిన విదుషి. మూడవవారు రహస్యలిపి శాస్త్రమునకు గణితపు పునాదులు వేసిన పండితురాలు.

సెల్‌ఫోను వాడుకలో పాటింపవలసిన జాగ్రత్తలను గూర్చి ప్రకటనలు కొల్లలుగా వచ్చుచున్నవి. కాని కారణము తెలియని జాగ్రత్త ఎక్కువకాలము జ్ఞాపకముండదు. ఒక్క ఫోను పిలుపునకు లొంగి పింఛను సొమ్మును, పంట సొమ్మును పోగొట్టుకొన్నవారిలో చదువుకొన్నవారును కలరు. వారికి సూచనలు తెలియకపోలేదు. ఆ సూచన వెనుకనున్న సూత్రము తెలియలేదు.

గంతులువేయు తరంగములు

హెడ్విగ్ కీస్లర్ అను బాలిక 1914లో వియన్నా నగరమున జన్మించెను. ఆమె మొదటి భర్త ఆయుధముల వ్యాపారి. 1937లో ఆమె అతనిని విడిచి వెళ్ళిపోయి, పిదప అమెరికా చేరి హెడీ లామార్ అను పేరుతో చలనచిత్రములలో ప్రసిద్ధి పొందెను. రెండవ ప్రపంచ యుద్ధము జరుగుచున్న దినములవి. నీటిలో ప్రయాణించి ఓడలను పగులగొట్టు టార్పెడోను రేడియో సంకేతములతో నడుపవచ్చును. అయితే సంకేతములు ఏ పౌనఃపున్యముపై వచ్చుచున్నవో శత్రువు కనిపెట్టినచో, అదే పౌనఃపున్యముపై రొద పుట్టించి టార్పెడోను దారి తప్పింపగలడు.

దీనికి ఆమెయు, జార్జి ఆంథీల్ అను సంగీతకారుడును కలిసి ఒక ఉపాయమును ఆలోచించిరి. సంకేతమును ఒకే పౌనఃపున్యముపై పంపక, క్షణక్షణము ఒకదానినుండి మరియొకదానికి గంతులు వేయింపవలెను. పంపువానికిని, అందుకొనువానికిని మాత్రమే ఆ గంతుల క్రమము తెలియును. ఊరిలో ఇద్దరు మనుష్యులు ఒక వాక్యములోని ఒక్కొక్క మాటను ఒక్కొక్క బావిగట్టున చెప్పుకొనుచు పోయినచో, ఏదో ఒక బావివద్ద పొంచియున్నవాని చెవికి ఒక్క మాటయే సోకును గదా! ఆంథీల్ తానుగా మ్రోగు పియానోలను కొన్నింటిని ఒకే తాళమున నడిపింపదలచి సంగీతరచన చేసినవాడు. ఆ పియానోలలో రంధ్రములు పొడిచిన కాగితపు చుట్ట తిరుగుచుండును. అటువంటి చుట్టలనే ఓడలో ఒకటి, టార్పెడోలో ఒకటి అమర్చవచ్చునని వారు సూచించిరి. పియానోకు 88 మెట్లున్నట్లే వారి పథకములో 88 పౌనఃపున్యములుండెను. 1942 ఆగస్టు 11న వారికి పేటెంటు లభించెను.

బ్లూటూతును, వైఫైని సర్వమును ఈమెయే కనిపెట్టెనని ఈనాడు ప్రచారము జరుగుచున్నది. ఇది అతిశయోక్తి. పౌనఃపున్యమును మార్చుచు పంపు భావము అంతకుముందే ఇతరులకును తోచియుండెను. అమెరికా నౌకాదళము ఆనాడు వీరి పథకమును స్వీకరింపలేదు. 1959లో పేటెంటు గడువు తీరిపోయెను, అంతవరకు ఆమెకు దానివలన సొమ్ము రాలేదు. ఈనాటి వైఫై వేరు పద్ధతులతో పనిచేయును. అయితే బ్లూటూతు మాత్రము నిజముగా గంతులువేయు పద్ధతిపైననే ఆధారపడియున్నది. సాధారణ బ్లూటూతులో 79 మార్గములు కలవు. సంకేతము వానిలో సెకనుకు 1600 పర్యాయములు చోటు మార్చుకొనును. లేని గొప్పను అంటగట్టకున్నను, ఒక సినీతార యుద్ధసమస్యను ఇంజనీరువలె ఆలోచించి పేటెంటు పొందుట చిన్న సంగతి కాదు. 1997లో గాని ఆమెకు ఇందులకై గౌరవ పురస్కారము దక్కలేదు.

ఇంటిలో దీని ఫలితమును చూడవచ్చును. బ్లూటూతు, పాతరకపు వైఫై, వంటింటి మైక్రోవేవ్ పొయ్యి ఈ మూడును సెకనుకు సుమారు 240 కోట్ల కంపనములు గల ప్రాంతముననే మసలును. పొయ్యి వెలిగినప్పుడు పాఠము ఆగి ఆగి వినవచ్చుటకు ఇదియే కారణము. రౌటరును వంటింటికి దూరముగా నుంచి, వీలున్నచో 5 గిగాహెర్‌ట్జ్ మార్గమును ఎన్నుకొనుట మంచిది. బ్లూటూతుతో పనిలేనప్పుడు దానిని ఆపివేయవలెను. తెలియని యంత్రము జతకూడుటకు అనుమతి కోరినచో నిరాకరింపవలెను. గంతుల క్రమము తెలిసినవాడు బయటివాడు కాదు, లోపలివాడే.

అరుదైన మాటకు ఎక్కువ విలువ

ఇక వెదకుట సంగతి. కారెన్ స్పార్క్ జోన్స్ 1935లో ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్ పట్టణమున జన్మించెను. ఆమె కళాశాలలో ప్రధానముగా చదివినది చరిత్ర. తరువాత కేంబ్రిడ్జిలో మార్గరెట్ మాస్టర్‌మన్ అను విదుషి నడపిన భాషా పరిశోధన సంస్థలో చేరెను. కంప్యూటరులు గదులంత పెద్దవిగా నుండి, వానిని ఎక్కువగా లెక్కలకే వాడుచున్న కాలమది. యంత్రమునకు మాటల అర్థమును ఎట్లు తెలియజేయవలెనను ప్రశ్న ఆ సంస్థవారిది. పర్యాయపదములను యంత్రముతో వర్గీకరించుటపై కారెన్ 1964లో తన పరిశోధన వ్యాసమును సమర్పించెను.

1972లో ఆమె ప్రకటించిన ఒక వ్యాసములోని భావము మిక్కిలి సరళమైనది. గ్రంథాలయములో వేలకొలది వ్యాసములున్నవి. చదువరి కొన్ని మాటలిచ్చి, ఆ మాటలున్న వ్యాసములను కోరును. అతడిచ్చిన మాటలన్నింటికిని సమానమైన విలువ నీయవచ్చునా? ఈయరాదని కారెన్ చెప్పెను. అన్ని వ్యాసములలోను కనిపించు మాట ఒక వ్యాసమును మరియొకదానినుండి వేరుచేయజాలదు. కొద్ది వ్యాసములలోనే కనిపించు మాట అసలు విషయమునకు గురుతు. కావున మాట ఎంత అరుదైనదో దాని తూకము అంత ఎక్కువ కావలెను.

దీనిని ఒక లెక్కతో చూడవచ్చును. ఒక గ్రంథాలయమున 1024 వ్యవసాయ వ్యాసములున్నవనుకొందము. రైతు "వరి సుడిదోమ మందు ఎలా" అని అడిగెను. "ఎలా" అను మాట 1024 వ్యాసములలోను ఉన్నది. "మందు" 512 వ్యాసములలో నున్నది. "వరి" 128 వ్యాసములలోను, "సుడిదోమ" 4 వ్యాసములలోను ఉన్నవి. మొత్తము వ్యాసముల సంఖ్యను ఆ మాటగల వ్యాసముల సంఖ్యచే భాగింపగా వరుసగా 1, 2, 8, 256 వచ్చును. వీనికి 2 ఆధారముగా సంవర్గమానములు తీసినచో 0, 1, 3, 8 అగును. ఇవియే ఆ మాటల తూకములు. "ఎలా", "మందు", "వరి" మూడును ఉండి సుడిదోమ ప్రస్తావన లేని వ్యాసమునకు 4 మార్కులు వచ్చును. "సుడిదోమ" ఒక్కటియే ఉన్న వ్యాసమునకు 8 మార్కులు వచ్చును! మూడు మాటలు కలిసినదానికన్న ఒక్క మాట కలిసినది మేలైనదని యంత్రము గ్రహించుటకు ఈ చిన్న లెక్క చాలును.

సంవర్గమానము ఎందులకని చదువరికి సందేహము కలుగవచ్చును. అది తీయనిచో 256 అను తూకము మిగిలినవానిని పూర్తిగా మింగివేయును. "వరి" అను మాటకు విలువయే లేకుండపోవును. అరుదైన మాటకు పెద్దపీట వేయుచునే ఇతర మాటలకు కొంత చోటిచ్చుట దీని ప్రయోజనము.

1976లో స్టీఫెన్ రాబర్ట్‌సన్‌తో కలిసి ఆమె ఈ భావమును ఇంకను విస్తరింపజేసెను. అంతర్జాలము పుట్టిన తరువాత వచ్చిన వెదకుయంత్రములు ఈ తూకపు లెక్కను ఏదో ఒక రూపమున వాడుకొన్నవి. ఈనాటి యంత్రములు మాటల భావసామ్యమును, పుటల మధ్యనున్న లంకెలను, మరి ఎన్నింటినో కూడ లెక్కించుచున్నవి. అయినను అరుదైన మాట విలువ తగ్గలేదు. ఇంత పని చేసిన ఆమె దశాబ్దములపాటు స్థిరమైన ఉద్యోగము లేక, గడువుగల పరిశోధన నిధులపైననే జీవించెను. కేంబ్రిడ్జిలో ఆచార్యపదవి లభించుసరికి 1999 వచ్చెను. 2002లో పదవీ విరమణ, 2007లో మరణము. కంప్యూటరు విద్య పురుషులకు మాత్రమే వదలిపెట్టదగినంత అల్పమైనది కాదని ఆమె తరచుగా చెప్పుచుండెడిది.

వెదకువారికి దీనివలన తెలియునదేమి? ప్రశ్నను మర్యాదగా పొడవుగా వ్రాయనక్కరలేదు. ఆ విషయమునకే ప్రత్యేకమైన మాటను ముందు ఆలోచింపవలెను. "పైరుకు పురుగు పట్టినది ఏమి చేయవలె" అనుటకంటె "వరి సుడిదోమ నివారణ" అనుట మేలు. పురుగు పేరు తెలియనప్పుడు లక్షణమును, పంటను, ఋతువును చెప్పవచ్చును. మాటలు విడిపోకుండ వరుసగా కావలెనన్నచో వానికి ఉద్ధరణ చిహ్నములు తగిలింపవచ్చును. తెలుగులో మరియొక చిక్కు కలదు. "వరి", "వరికి", "వరిలో", "వరిచేనుకు" అనునవి మనుష్యునికి ఒకే మాట. విభక్తులను విడదీయుట నేర్వని యంత్రమునకు నాలుగు వేరు మాటలు. అందుచేత తెలుగులో వెదకునప్పుడు ప్రత్యయములు లేని మూలరూపమును వాడుట, ఫలితము రానిచో మరియొక పర్యాయపదముతో ప్రయత్నించుట లాభకరము. పర్యాయపదములతో జీవితమారంభించిన కారెన్‌కు ఈ చిక్కు కొత్తది కాదు.

ఈ పద్ధతికి ఒక లోపమును కలదు. తప్పుగా వ్రాసిన మాటయు అరుదైన మాటయే! మాట అరుదా కాదా అని యంత్రము లెక్కింపగలదు గాని, పుటలో వ్రాసినది నిజమా కాదా అని ఆ లెక్క చెప్పజాలదు. మోసగాండ్రు దీనిని బాగుగా ఎరుగుదురు. బ్యాంకు పేరు, "ఫిర్యాదు", "ఫోను నంబరు" అను మాటలను చక్కగా కూర్చి, తమ నంబరును అందులో పెట్టి పుటలు తయారుచేయుదురు. కష్టములో నున్న ఖాతాదారుడు వెదకి, మొదట కనిపించిన నంబరుకు ఫోను చేసి, తానే వలలో పడును. బ్యాంకు నంబరును వెదకుయంత్రమున వెదకరాదు. పాసుపుస్తకముపైనను, కార్డు వెనుకను అచ్చువేసిన నంబరునే వాడవలెను.

రహస్యము చెప్పక నమ్మించుట

కారెన్ భర్త రోజర్ నీధామ్ కూడ కేంబ్రిడ్జి కంప్యూటరు శాస్త్రవేత్తయే. 1960 దశాబ్దములో అచ్చటి యంత్రమును పలువురు పంచుకొని వాడుచుండిరి. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాస్‌వర్డు ఉండెను. పాస్‌వర్డుల పట్టిక ఎవరి చేతనైన పడినచో అందరి గుట్టు బయటపడును. పాస్‌వర్డును ఉన్నదున్నట్లు దాచక, తిరిగి వెనుకకు పోలేని ఒక గణితక్రియకు లోబరచి ఆ ఫలితమును మాత్రమే దాచు పద్ధతిని నీధామ్ ప్రవేశపెట్టెను. పసుపుకొమ్మును దంచి పొడి చేయవచ్చును. పొడినుండి కొమ్మును తిరిగి చేయుట అసాధ్యము. వాడుకరి మరల పాస్‌వర్డు ఇచ్చినప్పుడు దానిని మరల దంచి, రెండు పొడులును ఒకటేనా అని యంత్రము సరిచూచును. కొమ్ము ఎట్లుండెనో యంత్రమునకు జ్ఞాపకముండనక్కరలేదు.

పాస్‌వర్డు మరచితినని చెప్పగా ఏదైన సంస్థ పాత పాస్‌వర్డునే యథాతథముగా తిరిగి పంపినచో, ఆ సంస్థ పసుపును దంచలేదని తెలిసికొనవలెను. ఆ పాస్‌వర్డును మరెక్కడను వాడరాదు. అసలు ఒక్క పాస్‌వర్డును రెండుచోట్ల వాడుటయే ప్రమాదము.

పాస్‌వర్డు బలము దాని పొడవుననే ఎక్కువగా నుండును. 4 అంకెల పిన్నుకు 10,000 అవకాశములు మాత్రమే కలవు. 8 చిన్న ఇంగ్లీషు అక్షరములకు సుమారు 20,882 కోట్లు. మనుష్యునికిది పెద్ద సంఖ్య గాని యంత్రమునకు కాదు. 7,776 మాటల జాబితా నొకదానిని తీసికొని, ఒక పాచికను 5 పర్యాయములు వేసి ఒక మాటను ఎన్నుకొనవచ్చును. ఏలన 6ను 5 పర్యాయములు హెచ్చవేసిన వచ్చునది 7,776 గదా. ఇట్లు 4 మాటలు ఎన్నుకొన్నచో అవకాశములు సుమారు 36 కోట్ల కోట్లగును. నాలుగు మాటలను ఒక చిన్న కథగా అల్లి జ్ఞాపకముంచుకొనుట కష్టము కాదు. మాటలను పాచికయే ఎన్నవలెను. ఇష్టమైన మాటలను తానే ఎన్నుకొన్నచో బిడ్డ పేరు, ఇష్టదైవము పేరు వచ్చి కూర్చుండును.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను, రహస్యమును నోటితో చెప్పినచో అంతయు వ్యర్థము. రహస్యము తెలియునని నిరూపించుటకు దానిని చెప్పక తప్పునా? షాఫీ గోల్డ్‌వాసర్ కృషి ఇచ్చటనే ఆశ్చర్యము గొలుపును. అమెరికాలో చదివి, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోను, ఇజ్రాయెలులోని వైజ్‌మన్ సంస్థలోను పనిచేసిన ఈమె, సిల్వియో మికాలీతో కలిసి 1982లో ఒక ప్రశ్న లేవనెత్తెను. "అవును", "కాదు" అను రెండే జవాబులున్నవనుకొందము. వానిని ఎంత గూఢమైన లిపిలో వ్రాసినను, "అవును" ఎప్పుడును ఒకే ఆకారమున వచ్చినచో పొంచియున్నవాడు సులభముగా పోల్చుకొనును. అందుచేత ఒకే సందేశము ప్రతి పర్యాయము వేరు వేరు ఆకారములలో రావలెను. అందులో పాచిక పాత్ర ఉండి తీరవలెను. ఈ భావము ఆధునిక రహస్యలిపికి పునాదియైనది.

1985లో వీరిద్దరును, చార్లెస్ రాకాఫును కలిసి ప్రకటించిన వ్యాసము ఇంకను విచిత్రమైనది. రహస్యములో ఒక్క ముక్కయైన బయటపెట్టక, అది తమకు తెలియునని ఎదుటివానిని నమ్మింపవచ్చునని వారు గణితముతో చూపిరి. ఎట్లు సాధ్యము? అక్కవద్ద ఒక ఎఱ్ఱ గాజు, ఒక పచ్చ గాజు కలవు. రంగు తప్ప రెండును అచ్చముగా ఒక్కటే. తమ్మునికి ఆ రెండు రంగుల భేదము తెలియదు. "రెండును ఒకటే, నీవు వట్టిమాట చెప్పుచున్నావక్కా" అని అతడు వాదించెను. "అయితే రెండు చేతులతో రెండు గాజులను పట్టుకొని నాకు చూపించి, వీపు వెనుకకు తీసికొని పోరా, నీ యిష్టము వచ్చినట్లు మార్చు, మార్చకపో. మరల ముందుకు తెచ్చి, మార్చితివో లేదో నన్నడుగు" అని ఆమె చెప్పెను. గాజులు నిజముగా ఒకటేయైనచో ఆమె ఊహింపవలసినదే; ఒక్క పర్యాయము సరిపోవుటకు రెండింట ఒక పాలు అవకాశము. 20 పర్యాయములు వరుసగా సరిపోవుటకు 10,48,576లో ఒక పాలు మాత్రమే. తమ్ముడు నమ్మక తప్పదు. అయినను ఏది ఎఱ్ఱనిదో, ఏది పచ్చనిదో అతనికి చివరివరకు తెలియదు. నమ్మకము కలిగినది, రహస్యము కదలలేదు. ఈ కృషికి గోల్డ్‌వాసర్, మికాలీలకు 2012వ సంవత్సరపు ట్యూరింగ్ బహుమతి లభించినది.

ఇటీవల వాడుకలోనికి వచ్చిన "పాస్‌కీ" సరిగా ఈ పద్ధతి కాకున్నను, ఈ కుటుంబములోనిదే. బ్యాంకు యంత్రము ఒక కొత్త సంఖ్యను పంపును. ఫోను తన లోపలి రహస్య తాళపుచెవితో దానిపై సంతకము చేసి పంపును. తాళపుచెవి బ్యాంకు యంత్రమునకు పోదు. వీలున్నచోట పాస్‌వర్డు బదులు దీనిని ఎన్నుకొనుట మేలు.

ఒ.టి.పి. అట్టిది కాదు. అది చెప్పిన క్షణమున చేతులు మారును. ఎవరు చెప్పినను యంత్రము వారినే ఖాతాదారుగా నమ్మును. "మీరే ఖాతాదారులని నిర్ధారించుకొనుటకు సంఖ్య చెప్పండి" అని ఫోనులో అడుగువాడు నిర్ధారించుకొనుట లేదు, తాళపుచెవి నడుగుచున్నాడు. యు.పి.ఐ. పిన్ను సొమ్ము పంపుటకు వాడునది. సొమ్ము అందుకొనుటకు పిన్ను ఎన్నడును అక్కరలేదు. "మీకు సొమ్ము రావలెనన్న పిన్ను నొక్కండి" అను మాటలోనే మోసము బయటపడుచున్నది. వీడియోలో పోలీసు దుస్తులతో కనిపించి "డిజిటల్ అరెస్టు" చేసితిమని బెదరించుటయు ఇట్టిదే. భారతదేశ చట్టములలో అట్టి అరెస్టు లేనేలేదు.

పొరపాటున సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచుకొనువారు పలువురు. ఇది నష్టమును రెట్టింపు చేయును. పోయిన సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు, అచ్చటినుండి వేరొక ఖాతాకు నిమిషములలో మారుచుండును. దారిలో నుండగనే తెలిసినచో బ్యాంకులు దానిని నిలిపివేయగలవు. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తరువులోను ఈ కాలభేదమును పాటించిరి: ఖాతాదారుడు తానే రహస్యమును చెప్పియున్నను, బ్యాంకుకు తెలియజేసిన తరువాత జరుగు నష్టము బ్యాంకుదే యని అందున్నది. కాబట్టి వెంటనే 1930 అను నంబరుకు ఫోను చేయవలెను. బ్యాంకుకును తెలియజేసి ఖాతాను, కార్డును స్తంభింపజేయవలెను. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ చిరునామాలోను ఫిర్యాదు నమోదు చేయవచ్చును. ఫోను చేయునప్పుడు బ్యాంకు పేరు, పోయిన మొత్తము, తేదీ, వేళ, యు.పి.ఐ. చెల్లింపునకు వచ్చిన 12 అంకెల సూచిక సంఖ్య, మోసగాని ఫోను నంబరు కాగితముపై వ్రాసి దగ్గర ఉంచుకొనవలెను. వచ్చిన సందేశములను కోపముతో చెరిపివేయరాదు.